గంటలో నీళ్ళు

"మూట కట్టేసినాది" అంది దాలమ్మ, గుమ్మంలోనే మొగుడికి అడ్డం నిలబడి.

పోలరాజు రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. సైకిలుకి ఇంకా స్టాండు కూడా వేయలేదు. అగ్రికో కాలనీ వీధులన్నీ మంచులో మునిగి ఉన్నాయి. క్వార్టర్ల వరసలో ఎవరి తలుపు ఏదో దగ్గరికొస్తే గాని తెలియడం లేదు.

"ఎవులు?"

"ఎవులేటి, మీ అమ్మే. బాగ్‌బేరా ఎల్తాదట, కూతురు భద్రమ్మొదినింటికి. రేపు ఆ రైలు కాలనీలో కళ్ళ క్యాంపు పెడతన్నారట. పొర తీయించుకుని వత్తాదట."

"ఆవిడికెవులు సెప్పేరు?"

"రిక్షాలో మైకెట్టుకుని ఊరంతా సెప్పుకుంటా తిరిగితే నానెవుల నోరు ముయ్యగలను?"

పోలరాజు సైకిలు గోడకి ఆన్చి ఊరుకున్నాడు. మాట్లాడకుండా ఉండడం అతనికి కొత్త కాదు. ఉక్కు ప్లాంటులో క్రేను నడిపేవాడికి నోటితో పనేముంది? ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. కిందివాడు చెయ్యెత్తితే పైకి, చెయ్యి ఆడిస్తే పక్కకి, పిడికిలి బిగిస్తే ఆపడం, అంతే.

క్రేను తిప్పే ఆ చేతుల్నీ, పైనించి కిందికి చూసే ఆ చూపునీ చూసే కదా, ప్లాంటు మీద చిన్న సినిమా తీయడానికొచ్చిన కలకత్తా అనిమేష్ బాబు ఇతన్ని పట్టుకుపోయాడు. అప్పటినించీ సెలవు దొరికినప్పుడల్లా వేషాలే. పాటల్లేవు, ఫైట్లు లేవు, పేరున్న హాల్లో ఒక్కటీ ఆడలేదు. పదిమంది స్నేహితులు కలిసి తీసుకుని పదిమందీ చూసుకునే సినిమాలు. ఐదయ్యాయి. కలకత్తా పత్రికల్లో పోలరాజు మొహం పడింది. సొంత ఇంట్లో మాత్రం పోయిన ఆదివారం దాకా ఒక్కటీ ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం ముచ్చట తలుచుకుంటే ఈ కథ చెప్పే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. భాలుబాసా బడి హాల్లో గోడకి దుప్పటి కట్టి తోమాస్ మాస్టారు కొత్త సినిమా వేశాడు. కళ్ళు కనపడకపోతేనేం, కొడుకు మాటలైనా వింటుందని సింహాచలమ్మని ముందు బెంచీ మీద కూచోబెట్టారు. తెర మీద కొడుకు నోరు తెరిచాడు. అందులోంచి వచ్చిన గొంతు ఎవరో హిందీ పెద్దమనిషిది. ముసలావిడ లేచి నిలబడి, "ఈడు నా కొడుకు కాడు" అనేసి, వరసలో అందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటికి పోయింది. అప్పటినించీ తల్లికీ కొడుక్కీ మాటల్లేవు.

ఇప్పుడా తల్లి వరండాలో పీట మీద కూచుని ఉంది. ఒళ్ళో మూట.

"అమ్మా" అన్నాడు పోలరాజు.

సింహాచలమ్మ మొహం తిప్పలేదు.

"అమ్మా, నానే."

"కోడలా, గుమ్మంలో ఎవులో వచ్చేరు సూడు" అంది సింహాచలమ్మ. "నా కొడుకైతే గొంతుండదు గదా. కలకత్తాలో ఇచ్చేసొచ్చేడు. ఈ గొంతున్నోడు ఎవులో మరి."

"అదేటత్తా, అలగంటావు" అంది దాలమ్మ.

"ఎలగంటాను? ఐదేళ్ళొచ్చినా ఈడికి అమ్మా అన్న మాట రానేదు. మూగోడే అనీసారు ఊరంతా. పొద్దు పొడవకముందే సంకనెత్తుకుని నూకాలమ్మ గుడికెల్లి, గంట తిరగేసి, గంటలో నీళ్ళు పోసి తాగించేను. ఏడాది తాగించేను. అప్పుడు పలికేడు. ఆ గొంతు ఆడిదా? నాది. అమ్మవారిని అడుక్కుని తెచ్చుకున్నాను. ఈడి అయ్య పోయేక ఆ అయ్య కూడా ఆ గొంతులోనే ఉన్నాడు నాకు. దాన్ని తీసి అవతల పారేసి ఎవుడి గొంతో ఎట్టించుకుంటాడా?"

"అది డబ్బింగమ్మా" అన్నాడు పోలరాజు. "సినిమాల్లో అలగే సేత్తారు. నా హిందీలో తెలుగు వాసనొత్తాదని..."

"కోడలా, వాసనొత్తాదట. ఇన్నావా?"

దాలమ్మ వినలేదన్నట్టు చెంగుతో మొహం తుడుచుకుంది.

"నాను బాగ్‌బేరా ఎల్తాను. పొర తీయించుకుంటాను. కళ్ళొచ్చేక ఆ సినిమా మళ్ళీ ఏయించుకుని సూత్తాను. గొంతు ఎలాగూ కాదు. మొహమైనా నా కొడుకుదో కాదో తేలాల."

లోపల్నించి కస్తూరి బుగ్గ నిండా టూత్‌పేస్టుతో వచ్చింది. పదో తరగతి పిల్ల, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. "మామ్మా, మత్ జావో నా" అని, వెళ్ళొద్దంటూ మూట లాక్కోబోయింది. మూటలో ఏదో ఖంగుమంది.

"దాన్ని ముట్టకే గుంటా" అంది సింహాచలమ్మ, మూట గుండెకి హత్తుకుని. "అమ్మవారి గంట. కళ్ళొచ్చేక ఊరెల్లి గుళ్ళో కడతానని మొక్కున్నాను."

పోలరాజు ఆ మాట విని నిలబడలేకపోయాడు. హెల్మెట్టు అలాగే చేత్తో పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. వెనకే దాలమ్మ.

*

వంటింట్లో గొంతు పెద్దది చేసే వీలు లేదు. కళ్ళు పోయినవాళ్ళకి చెవులు ఎంత పనిచేస్తాయో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని మొగుడూ పెళ్ళాం పొయ్యి దగ్గర మోకాళ్ళు ఆనుకునేంత దగ్గరగా కూచుని, ప్రేమికుల్లా గుసగుసలాడుతూ కొట్లాడుకున్నారు.

"రేపు ఆ డాక్టరు లైటేసి ఒక్కపాలి సూత్తే సాలు" అంది దాలమ్మ. "అందరి ముందూ సెప్పేత్తాడు. పొర కాదు ముసలమ్మా, నీటికాసులు, నరం ఎండిపోనాది, నీ కళ్ళు మరి రావు అని. వరసలో నిలబెట్టి సెప్పేత్తాడు."

"భద్రమ్మకి కబురెట్టి ఆపిద్దుమా?"

"ఎన్నాళ్ళాపుతావు మావా? పొర ముదరాల, ముదిరితే తీత్తారు అని సెప్పుకుంటా వత్తన్నాం. నాను రోజూ సుక్కలేత్తన్నాను, ముదరతాదత్తా, ముదరతాదత్తా అని. నా సేతులకి పాపం అంటుకోదేటి?"

పోలరాజు హెల్మెట్టు పక్కన పెట్టి పొయ్యిలో బొగ్గులు ఎగదోశాడు.

"మొన్నేటైనాదో తెలుసా నీకు?" అంది దాలమ్మ. ఇంకా గొంతు తగ్గించింది. "పొద్దూకేల వరండాలో కూసుంది. ప్లాంటులో కాలతన్న ఇనప చిట్టెం పోసేరు. ఆకాశం ఎర్రగా అయిపోనాది. ఎప్పుడూ ఆ ఎరుపు మటుకు కనపడతాది గదా ఆవిడికి, కుంకం పోసినట్టుందే అంటాది గదా. ఆవేళ ఆ ఎరుపులోకే మొహమెట్టుకుని, ఇయ్యాల చిట్టెం పొయ్యనేదేటే కోడలా అంది."

"నువ్వేటన్నావు?"

"పొయ్యనేదత్తా అన్నాను. ఏటనమంటావు?"

అంటే ఆ చివరి వెలుగు కూడా పోయిందన్నమాట. పోలరాజుకి ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. పొయ్యిలోని బొగ్గులు ఎర్రగా మెరుస్తుంటే వాటి వంక చూడలేక తల పక్కకి తిప్పుకున్నాడు.

"నువ్వే సెప్పాల" అంది దాలమ్మ. "ఆవిడ నీ తల్లి. ఎవుడో సెప్పే బదులు నువ్వు సెప్పు."

"నోరు రాదే దాలీ."

"మొన్నటి సినిమాలో తల్లి సచ్చిపోతే అంత మాటాడేవు. బతికున్న తల్లికి సెప్పనేవా?"

ఆ మాటకి పోలరాజు ఉలిక్కిపడి పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి, టీ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. ఇలాంటప్పుడు ఆ మనిషిని పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది నాకు. దాలమ్మకీ అనిపించే ఉంటుంది. కాని టీ గ్లాసు చేతికిచ్చి ఊరుకుంది.

"పాపా, తోమాస్ సర్ ఆయే హైఁ" అని వరండాలోంచి కస్తూరి కేక.

*

తోమాస్ మాస్టారిది కాకినాడ దగ్గర ఊరు. భాలుబాసాలో లెక్కలు చెప్తాడు, ఆదివారం చర్చిలో పాడతాడు, మిగిలిన కాలమంతా సినిమా పిచ్చి. ఈ ఊరి ఫిల్ము సొసైటీకి ప్రెసిడెంటూ, ప్రొజెక్టరు తిప్పేవాడూ ఆయనే. పోలరాజు మొదటి సినిమాదీ కొత్తదీ, రెండు రేకు డబ్బాలు సైకిలుకి కట్టుకుని వచ్చాడు.

"రాత్రి కలకత్తా బండికి ఈ రీళ్ళు పంపించేయాలి పోలరాజూ" అన్నాడు. "అనిమేష్ బాబు మనిషి స్టేషనుకొస్తాడు. కొత్త సినిమాకి నువ్వు వస్తావా రావా అని అతనికి జవాబు కూడా చెప్పాలట. ఈసారి నీదే పెద్ద పాత్ర. సినిమా అంతా మాటలే."

"గొంతు?"

తోమాస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆయనదే. మొన్నటి సినిమాకి గొంతిచ్చిన ఆ రేడియో ఆయనదే."

వరండాలో సింహాచలమ్మ గట్టిగా నిట్టూర్చింది, అందరికీ వినపడేలా.

తోమాస్ ఆవిడ ముందు గొంతుక్కూచుని, "ఏం పిన్నీ, మూట కట్టావంట" అన్నాడు. ఆవిడ మళ్ళీ మొదలెట్టింది. గంట, నూకాలమ్మ, ఏడాదిపాటు నీళ్ళు, వాసనొచ్చే హిందీ. తోమాస్ అంతా విన్నాడు. విని, కాసేపు రేకు డబ్బా మీద వేళ్ళతో తాళం వేశాడు.

"పిన్నీ, ఒక పని చేద్దాం. రీళ్ళు ఎలాగూ రాత్రిదాకా నా దగ్గరే ఉంటాయి. సాయంత్రం హాల్లో మనమే ఉండి మళ్ళీ వేద్దాం. సౌండ్ పెట్టె కట్టేస్తాను. ఆ రేడియో ఆయన నోరు మూసేస్తాను. పోలరాజు పక్కన నిలబడి తన మాటలు తనే చెప్తాడు, నీకు తెలుగులో. నీ కొడుకు సినిమా, నీ కొడుకు గొంతు. సరేనా?"

"వద్దు" అన్నాడు పోలరాజు.

అందరూ అతని వైపు తిరిగారు.

"ఎందుకొద్దు?"

"ఆ మాటలు నాను అక్కడ అననేదు మాస్టారూ. నాకు హిందీలో అంతంత మాటలొత్తాయేటి? నీ భాషలో నీకు తోచింది అను, మనసులో బాధ ఉంటే సాలు, గొంతు తరవాతేసుకుందాం అనేవోడు అనిమేష్ బాబు. అలగే ఏదో అనేవోణ్ణి."

"ఏటనేవోడివి?" అంది దాలమ్మ.

పోలరాజు గోడకి ఆన్చిన సైకిలు తీసి స్టాండు వేయసాగాడు.

సింహాచలమ్మ మాత్రం కర్ర నేలకి ఆన్చి లేచింది. వారం రోజుల తరవాత మొదటిసారి కొడుకు ఉన్నవైపు మొహం పెట్టింది.

"వత్తాను" అంది. "అక్కడేటన్నాడో అదే వినిపించమను. ఇన్నాక అట్నించటే బాగ్‌బేరా ఎల్తాను. మూట నాతోనే ఉంటాది."

*

బడి హాలు కిటికీలకి తోమాస్ కంబళ్ళు కట్టాడు. బయట ఇంకా వెలుగుంది గాని లోపల చీకటి. బెంచీలన్నీ ఖాళీ. ముందు బెంచీలో ముగ్గురాడవాళ్ళు, గోడ పక్కన పోలరాజు, వెనక ప్రొజెక్టరు దగ్గర తోమాస్. ప్రొజెక్టరు టకటకలాడుతూ తిరగడం మొదలెట్టింది. దాని వెలుగులో గాలిలోని సుద్దపొడి నెమ్మదిగా తేలుతూ కనిపించింది.

ముందు మొదటి సినిమా వేశాడు. చిన్నది. దుప్పటి మీద సువర్ణరేఖ నది. నది మీద మంచు. ఎక్కడ నీళ్ళు ఆగి ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియదు. ఆ తెల్లదనంలోంచి ఒక పడవ వస్తోంది, వస్తూనే ఉంది. పడవ మీద గెడ పట్టుకుని పోలరాజు. వయసులో ఉన్న పోలరాజు, నల్లటి జుట్టుతో.

దాలమ్మ బెంచీ మీద ముందుకి వంగింది. ఆ మొహం ఆమె మరిచిపోయిన మొహం.

"ఏటవుతన్నాది?" అంది సింహాచలమ్మ.

"నది, మామ్మా" అంది కస్తూరి. ఎందుకో పిల్ల నోట తెలుగే వచ్చింది. "నాన్న పడవ నడుపుతున్నాడు. అంతా తెల్లగా ఉంది. ఇప్పుడు వెనక్కి తిరిగేడు. ఏదో అంటన్నాడు."

"ఏటంటన్నాడు?"

దుప్పటి మీద పెదాలు కదిలి ఆగిపోయాయి. పడవ ముందుకి పోయింది.

"ఏటన్నావురా?"

"దాలమ్మా, ఆ నీలం సీర నీకు బాగుంటాదే, అన్నాను" అన్నాడు పోలరాజు.

దాలమ్మ దుప్పటి మీంచి చూపు తిప్పి గోడ వైపు చూసింది.

"ఏ నీలం సీర?" అంది దాలమ్మ.

"మీ తమ్ముడు పెళ్ళికి కట్టేవు. ఆవేళ సెప్పుదుమనుకున్నాను. సుట్టాలుండిపోనారు."

"అది సిరిగిపోయి మసిగుడ్డ కూడా అయిపోనాది మావా." దాలమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తడిసిపోయింది. "ఊరికంతటికీ సినిమా తీసి సూపించేవు. నా సెవిలో ఒక్క ముక్క సెప్పడానికి నీకేటి అడ్డమైనాది?"

"నా గురించి?" అంది కస్తూరి. "నా గురించి ఏ సినిమాలోనైనా అన్నావా, నాన్నా?"

"స్టేషన్లో కూలీ ఏషం ఏసేను సూడు, అందులో. నువ్వు లెక్కల్లో తప్పినప్పుడు కొట్టేను గదా. పెట్టె నెత్తిన ఎట్టుకుని మెట్లెక్కుతా అన్నాను. కొట్టకుండా ఉండాల్సింది గుంటని, అని."

కస్తూరి మోకాళ్ళు దగ్గరికి లాక్కుని వాటి మీద గెడ్డం పెట్టుకుంది.

"ఆ సినిమా ఇప్పుడు లేదు" అన్నాడు తోమాస్ వెనకనించి మెల్లగా. "కలకత్తా వానలకి రీళ్ళు తడిసి పాడైపోయాయట. మధ్యవి మూడూ అంతే. ఈ మొదటిదీ ఆ చివరిదీ, ఇవే మిగిలాయి."

పోలరాజుకి ఈ సంగతి తెలియదు. ప్రొజెక్టరు వెలుగు వైపు తిరిగి చూశాడు. తన నడివయసంతా ఎక్కడో గోదాంలో జిగురైపోయిందని ఇంత మామూలుగా వినాల్సి వస్తుందనుకోలేదు. ఏడవాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు.

సింహాచలమ్మ కొత్త సంగతేదో రుచి చూస్తున్నట్టు పెదాలు కదిపింది. "అంటే, ఆ పెద్దమనిషి గొంతు కింద అన్నిట్లోనూ మన ఇంటి మాటలే ఆడేవన్నమాట."

"ఊ."

"ఓలమ్మా, ఎంత దొంగరా నువ్వు" అంది, నేరుగా కొడుకుతోనే. ఆ గొంతులో కోపం లేదు. దాలమ్మ అత్త మోకాలి మీద చెయ్యి వేసింది. అంతా సర్దుకున్నట్టే ఉంది ఒక్క నిమిషం.

"మరి ఆవేళ నాను లేచొచ్చేసిన సినిమా ఎయ్యి తోమాసు బాబూ. అందులో నా గురించి ఉంటాది."

పోలరాజు గోడకి ఇంకాస్త ఆనుకున్నాడు.

*

రెండో డబ్బాలోది చివరి సినిమా. పట్టాలు కాపలా కాసే గాంగ్‌మన్ కథ. వాడి గుడిసెలో నులకమంచం మీద తల్లి పోయి ఉంటుంది. వాడు గుమ్మంలో కూచుని, పోయిన తల్లితో మాట్లాడతాడు. పక్కనించి ఒక రైలు పోతూ ఉంటుంది, దాని పెట్టెల వెలుగు ఒకటొకటిగా వాడి మొహం మీద పడి పోతూ ఉంటుంది. దుప్పటి నిండా పోలరాజు మొహమే. వెలుగు, చీకటి. వెలుగు, చీకటి. పెదాలు కదులుతున్నాయి.

"సెప్పరా" అంది సింహాచలమ్మ.

పోలరాజు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ లోకంలో పేదవాడికి న్యాయం లేదు. నువ్వు వెళ్ళిపోయావు. నేను ఒంటరివాణ్ణయ్యాను. ఈ పట్టాలు ఎక్కడికి పోతాయో నాకు తెలియదు..."

"నహీఁ, పాపా" అంది కస్తూరి. "పెదాలు అలా కదలటం లేదు."

"నువ్వూరుకోయే."

"ఝూఠ్ క్యోఁ బోల్ రహే హో? ఎందుకీ అబద్ధం? అమ్మా అన్నది ఒక్కటే కలిసింది. మిగతాది కలవటం లేదు."

సింహాచలమ్మ లేచింది. మూట చంకలో పెట్టుకుని, బెంచీ అంచు పట్టుకుని, తరవాత గోడ పట్టుకుని నడిచింది. వెలుగు దారిలోకి వచ్చినప్పుడు ఆవిడ నీడ కొడుకు మొహం మీద పెద్దగా పడి దాటిపోయింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. చెయ్యి ఇస్తే విదిలించేస్తుందని తెలుసు. కొడుకు దగ్గరికి వెళ్ళి, తడుముకుని, అరచెయ్యి అతని గొంతు మీద పెట్టింది.

"అబద్ధమాడితే నీ గొంతు సన్నబడిపోతాది. మీ అయ్యది కూడా అంతే" అంది. "ఇప్పుడు సెప్పు. అక్కడేటన్నావో అదే."

దాలమ్మకి అప్పుడర్థమైంది. పొద్దున్న తను అన్న మాటకి మొగుడు ఎందుకు ఉలిక్కిపడ్డాడో అర్థమైంది. లేచి నిలబడింది. "అత్తా, సీకటడిపోతన్నాది, ఇంటికెల్దుమా" అంది.

"నాకెప్పుడూ సీకటే గదేటి. తోమాసు బాబూ, ఆ ముక్క మళ్ళీ తిప్పు."

తోమాస్ రీలు వెనక్కి తిప్పాడు. మళ్ళీ గుడిసె, మళ్ళీ గుమ్మం, మళ్ళీ రైలు. వెలుగు పడింది. పెదాలు కదిలాయి. వాటితోపాటే, మాటకి మాట కలుపుతూ, పోలరాజు చెప్పాడు.

"అమ్మా. అది పొర కాదే. ముదిరేది కాదు. నీటికాసులట. డాక్టరు నన్ను బయటికి పిలిసి సెప్పేడు. నీ కళ్ళు మరి రావట. నీకెలగ సెప్పాలో నాకు తెలవడం నేదు. ఇంటికొత్తే, పెద్దాస్పత్రిలో ఏటన్నార్రా అని అడుగుతావు. ముదరాలన్నారని సెప్తాను. అదే సెప్తాను."

రైలు పోయింది. దుప్పటి మీద మొహం చీకట్లో కలిసిపోయింది. రీలు అయిపోయి ఫిల్ము కొస చక్రానికి కొట్టుకుంటూ తిరిగింది. తోమాస్ ఆపేశాడు. పోలరాజు గుటక మింగడం సింహాచలమ్మ అరచేతికి తెలిసింది.

ఆవిడ చెయ్యి తీయలేదు.

"ఎప్పుడు తీసేరీ సినిమా?"

"ఆస్పత్రికెల్లిన మర్నాడే ఎల్లేను. నిరుటికి ముందు సలికాలం."

"అంటే రెండు సలికాలాలు." సింహాచలమ్మ నెమ్మదిగా అంది. "కలకత్తావోలికి సెప్పేవు. ఆ గుడిసెకి సెప్పేవు. గోడకి కట్టిన దుప్పటికి సెప్పేవు. నాకు సెప్పనేదు."

"నోరు రానేదమ్మా."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు పోలరాజు. తిడుతుందనుకున్నాడు. కర్రతో కొట్టినా బాగుండును. ఆవిడ అవేమీ చేయలేదు. కొడుకు గొంతు మీంచి చెయ్యి తీసి, అక్కడే నేల మీద కూచుని, మూట ముడి విప్పింది. రెండు చీరల మధ్యనించి గంట తీసింది. చేతి గుప్పెడంత ఇత్తడి గంట, చింతపండుతో తోమి తోమి మెరిపించినది.

"కళ్ళొచ్చేక కడతానన్నాను అమ్మవారికి" అంది. "రావు గదా మరి." గంట నాలుక వేలితో పట్టుకుని చప్పుడు కాకుండా తిరగేసింది. "నీళ్ళట్టుకురా కోడలా."

దాలమ్మ బడి కుళాయి దగ్గరికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. గంటలో పోసింది.

"తాగు" అంది సింహాచలమ్మ కొడుకుతో. "అప్పుడు మాట రాడానికి తాగించేను. వచ్చింది గాని ఇంట్లో పలకడం రానేదు నీకు. ఇంకోపాలి తాగు."

చెంపల దగ్గర జుట్టు నెరిసిన మనిషి, ఐదు సినిమాల మనిషి, తల్లి ముందు మోకాళ్ళ మీద కూచుని గంట అంచుకి నోరు ఆన్చాడు. నీళ్ళు గెడ్డం మీంచి చొక్కా మీదికి కారాయి. తాగాడు. కస్తూరి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తోమాస్ మాస్టారు ఖాళీ రీలు చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"మాస్టారూ" అన్నాడు పోలరాజు, ఇంకా తల ఎత్తకుండానే. "అనిమేష్ బాబుకి సెప్పండి. నా గొంతెట్టుకుంటేనే..."

"ఆ మాట తరవాత" అంది సింహాచలమ్మ.

ఖాళీ అయిన గంట అలాగే తిరగేసి పట్టుకుని, కోడలు నిలబడ్డ వైపు చాచింది.

"ఇంకొంచెం పొయ్యి."

"సాలదేటత్తా, తాగేసేడు గదా."

"ఆడికి కాదు. నీకు. పొయ్యి."

దాలమ్మ పోసింది. గంట నిండి నీళ్ళు ముసలావిడ ముంజేతి మీదికి పొర్లాయి. సరిగ్గా అప్పుడే దూరాన ప్లాంటు వైపు చిట్టెం పోసిన హోరు మంద్రంగా వినపడింది. కిటికీ కంబళ్ళ సందుల్లోంచి ఎరుపు లోపలికి వచ్చింది. ముందు నేల మీద, తరవాత ఖాళీ దుప్పటి మీద, చివరికి సింహాచలమ్మ మొహం నిండా. ఆవిడ రెప్ప కూడా వేయలేదు.

"కోడలా" అంది, నిండు గంట చాచి పట్టుకునే. "ఇప్పుడు బయట ఎర్రగా ఉన్నాదా?"